పాలచుక్క చెప్పు పశువు సంగతులు

ఆ మధ్య మేము కార్యవశమున ఒక గ్రామమునకు పోయి, తెల్లవారుజామున అచ్చటి పాలకేంద్రము ముందు నిలిచియుంటిమి. క్యాన్లును, చెంబులును చేతబట్టుకొని పాడిరైతులు వరుసదీరియున్నారు. అందులో ఒక పెద్దామె తన వంతు వచ్చి, పాలు పోసి, యంత్రము చూపిన అంకెను చదివించుకొని అక్కడనే నిలిచిపోయినది. ఆమె గేదెపాలలో వెన్న ఏడు శాతమునకు తగ్గి యెన్నడును ఎరుగదు. నాలుగు దినములనుండి అది ఐదున్నర దాటుటలేదట. "మేత మారలేదు నాయనా, నీళ్ళు కలిపే పాపం నేనెరగను" అని ఆమె మొరపెట్టుకొనగా, కేంద్రమును నడుపు యువకుడు "మిషను అబద్ధం చెప్పదు గదా, అవ్వా" అని చీటీ చేతికిచ్చినాడు.

వెనుక నిలిచియున్న వార్డు సభ్యుడొకరు తగవు పెట్టుకొనలేదు. ఆమె పాలను బాగుగా కలియద్రిప్పించి, సీసాలో పోయించి, పెద్ద డెయిరీకి పంపి, గెర్బరు పద్ధతిని పరీక్ష చేయించినారు. ఏడుకు పైననే వచ్చినది. విచారింపగా తేలిన సంగతి మిక్కిలి స్వల్పమైనది. ఆ యంత్రమునకు ఆవుపాలకు ఒక అమరికయు, గేదెపాలకు మరియొక అమరికయు కలవు. యంత్రమును శుభ్రపరచిన దినమున అది ఆవు అమరికయందు ఉండిపోయినది. నాలుగు దినములపాటు ఊరి గేదెపాలన్నియు ఆవుపాల కొలతతో కొలువబడినవి. నష్టపోయినవారు ఊరిలో అనేకులు. అడిగినది ఆమె యొక్కతెయే.

ఆ కేంద్రములోని పెట్టె అతిధ్వని తరంగములతో పనిచేయునది. మన గ్రామములలో నేడు కనబడు చిన్న యంత్రములు చాలవరకు ఈ తరగతికి చెందినవే. పెద్ద డెయిరీలలోను, పరిశోధనశాలలలోను మరియొక రకపు యంత్రము కలదు. అది పాలలోనికి కంటికి కనబడని వెలుతురును పంపి, ఆ వెలుతురులో పాలు దేనిని మ్రింగినవో, దేనిని విడిచినవో చూచి లెక్కకట్టును. దీనినే పరారుణ వర్ణపట పరీక్ష యందురు. ఇతర దేశములలో ఈ వెలుతురు సాయముతో వెన్న శాతము మాత్రమేగాక, ఆ పాలిచ్చిన పశువు ఆరోగ్యమెట్లున్నది, మేత చాలుచున్నదా, దాని సంతానమును నిలుపుకొనవచ్చునా అను ప్రశ్నలకు సైతము సమాధానములు వెదకుచున్నారు. రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతులకు సంబంధించిన అంశములలో పశుపోషణ, పాడి, కోళ్ళ పెంపకము నాలుగవది. కావున ఇట్టి యంత్రములను గూర్చిన ప్రతిపాదనలు నేడో రేపో మీ సమావేశముల ముందుకు రాగలవు. అవి వచ్చుటకు ముందే ఆ యంత్రము చూచునదేమి, ఊహించునదేమి అను భేదము మీరు ఎరిగియుండుట అవసరము.

ఈ వెలుతురును కనుగొన్నవాడు విలియం హెర్షెల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1800వ సంవత్సరమున ఇంగ్లండులో ఆయన సూర్యరశ్మిని గాజు పట్టకము గుండ పంపి ఏడురంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో ఎంత వేడి కలదో ఉష్ణమాపకములతో చూచుచుండెను. ఎరుపు రంగునకు ఆవల, ఏ రంగును లేని చోట నుంచిన ఉష్ణమాపకము అన్నిటికంటె ఎక్కువగా వేడెక్కెను. ఎరుపునకు పరమైన ఆ కిరణములకే మనము పరారుణ కిరణములని పేరు పెట్టుకొంటిమి. మండుచున్న పొయ్యికి దూరముగా కూర్చున్నను మన ముఖమునకు తగులు వెచ్చదనము చాలవరకు ఈ కిరణములదే.

పదార్థములన్నియు అణువులతో ఏర్పడినవి. అణువులోని పరమాణువులు ఊరక కూర్చుండవు. స్ప్రింగుతో బిగించిన గుండ్లవలె ఊగుచుండును. బరువును బట్టి, బంధము గట్టిదనమును బట్టి ఒక్కొక్క బంధమునకు ఒక్కొక్క ఊపు. ఉయ్యాల నూపువారు దాని ఊపునకు సరిగా త్రోసినచో ఉయ్యాల ఎత్తునకు లేచును. ఊపు తప్పి త్రోసినచో లేవదు. అట్లే బంధము ఊపునకు సరిపడు కిరణము వచ్చినపుడు అణువు దానిని గ్రహించును. సరిపడని కిరణము దాటిపోవును. ఆవలి ప్రక్కకు వచ్చిన వెలుతురులో ఏ కిరణము ఎంత తగ్గినదో కొలిచినచో, లోపల ఏ పదార్థము ఎంత ఉన్నదో అంచనా కట్టవచ్చును.

పాల విషయమున ఈ పనిని మొదట చక్కగా నిర్వహించినవాడు ఇంగ్లండులోని రెడింగు నగర సమీపమున గల జాతీయ పాడి పరిశోధన సంస్థకు చెందిన గౌల్డెన్. 1960 ప్రాంతమున ఆయన, పాలలోని వెన్న 5.73 మైక్రానుల తరంగదైర్ఘ్యము గల కిరణములను, మాంసకృత్తులు 6.46 మైక్రానుల కిరణములను, పాలచక్కెర 9.60 మైక్రానుల కిరణములను ప్రత్యేకముగా గ్రహించునని చూపి, వానితో పాలను పరీక్షించు విధానమును ఏర్పరచెను. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అంతకు పూర్వము గంధకామ్లము పోసి, గిర్రున త్రిప్పి, వెన్నను పైకి తేల్చి గొట్టములో చదువుకొను గెర్బరు పరీక్షయే అందరికిని ఆధారము. అది వెన్నను మాత్రమే చెప్పును. ఆమ్లము చేతులు కాల్చును. ఒక్కొక్క పాలకు ఒక్కొక్క గొట్టము కావలెను. అయినను దానియందు ఒక మేలు కలదు. అక్కడ వెన్న కంటికి కనబడును.

నేటి పరారుణ యంత్రములో పాలను సుమారు 40 డిగ్రీలకు వేడిచేసి, ఒత్తిడితో వెన్న గోళములను చిన్నవిగా పగులగొట్టి, రెండు పలకల నడుమ వెంట్రుకంత సందులోనికి ఎక్కింతురు. ఆ పలకలు మామూలు గాజువి కావు. గాజు ఈ కిరణములను తానే మ్రింగివేయును గనుక కాల్షియము ఫ్లోరైడు వంటి స్ఫటిక పదార్థముతో వానిని చేయుదురు. సందు అంత సన్నగా ఉండుటకు కారణము నీరు. పాలలో నూటికి ఎనుబది పాళ్ళకు పైగా నీరే. ఆ నీరు పరారుణ కిరణములను విపరీతముగా గ్రహించును. పాలు దళసరిగా నున్నచో ఆవలికి ఏమియు రాదు. వెనుకటి యంత్రములు ఐదారు కిరణములను మాత్రమే ఎన్నుకొని చూచెడివి. 1990 తరువాత వచ్చినవి ఒక్కమారుగా వెయ్యికి పైగా బిందువులలో వెలుతురును కొలిచి, ఎత్తుపల్లములు గల ఒక గీతగా నమోదు చేయుచున్నవి. ఆ గీతయే వర్ణపటము. గంటకు కొన్ని వందల సీసాలను ఇవి పరీక్షింపగలవు.

ఇక్కడనే కథ మలుపు తిరిగినది. వెన్న, మాంసకృత్తులు చెప్పుటకు ఆ వెయ్యి బిందువులలో కొన్నియే చాలును. మిగిలినవానిలో ఏమి దాగియున్నదో చూడవలెనని శాస్త్రజ్ఞులకు కోరిక పుట్టినది. వారు ఏమి చేసిరో చెప్పుటకు ముందు మిమ్ములను ఒకమారు పశువుల సంతకు తీసికొనిపోవలసియున్నది.

సంతలో ఆరితేరిన బేరగాడు ఒకడుండును. గేదె చుట్టు రెండుమారులు తిరిగి, పొదుగు చూచి, పాలనరము తడిమి, కొమ్ము వలయములు లెక్కించి, "పూటకు నాలుగు లీటర్లు, మూడో ఈత" అని చెప్పివేయును. చాలమారు అది నిజమగును. వాడు పాలు పిండలేదు, ఈత చూడలేదు. పూర్వము వందల గేదెలను చూచి, వాని పాలు పిండగా ఎంత వచ్చినదో కూడ చూచియుండుటచేత, పైకి కనబడు గుర్తులకును లోపలి నిజమునకును గల సంబంధము వాని మనసులో స్థిరపడినది. ఆ నిజమును పిండి చూడనివాడు ఎన్ని సంతలు తిరిగినను బేరగాడు కాజాలడు. మురా గేదెలనే చూచి పెరిగిన బేరగానిని కొండప్రాంతపు పొట్టి ఆవుల నడుమ నిలిపినచో వాని మాటకు విలువ ఉండదు. మరియు వానిని పరీక్షింపదలచినచో, వాడు ఇదివరకే ఎరిగిన గేదెను వాని ముందు నిలిపి ప్రయోజనము లేదు. ఎన్నడును చూడని గేదెను నిలుపవలెను.

పరారుణ యంత్రము సరిగా ఇట్టి బేరగాడే. పొదుగునకు, పాలనరమునకు బదులు అది వెలుతురు గీతను చూచును. దానికి నిజమును నేర్పుటకు ముందుగా కొన్ని పశువులందు ఆ గుణమును కష్టపడి, చేతితో, అసలు పద్ధతిని కొలువవలెను. అదే పశువుల పాలగీతలను ప్రక్కన పెట్టి, రెంటికిని గల సంబంధమును గణితముతో కట్టవలెను. ఆ సంబంధమునే మనము కొలబద్ద యందము. కొలబద్ద ఏర్పడిన పిమ్మట, అసలు కొలత లేకుండ గీతను మాత్రమే చూచి ఊహ చెప్పవచ్చును.

బెల్జియము దేశమున జాంబ్లూ పట్టణపు శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన పరిశోధన ఈ మార్గమున ముఖ్యమైనది. పాలవెన్నలో అనేక రకముల క్రొవ్వామ్లములు కలవు. వానిని వేరువేరుగా తెలిసికొనుటకు గ్యాస్ క్రొమటోగ్రఫీ అను నెమ్మదియైన, ఖర్చైన పరీక్ష చేయవలెను. వేలకొలది ఆవులకు దానిని చేయుట సాధ్యము కాదు. ఎలెన్ సోయూర్ మొదలగువారు కొన్ని ఆవుల పాలకు ఆ పరీక్ష చేసి, వాని పరారుణ గీతలతో కొలబద్ద కట్టి, కొన్ని ముఖ్యమైన క్రొవ్వామ్లములను గీతనుండియే అంచనా వేయవచ్చునని చూపిరి. ఆ దేశములలో ప్రతి ఆవు పాలను నాలుగు నుండి ఆరు వారములకొకమారు ఎట్లును పరీక్షింతురు గనుక, క్రొత్తగా ఖర్చు లేకుండనే దేశమునందలి ఆవులన్నిటిని గూర్చి ఈ సమాచారము లభింపగలదు. ఒక గుణమును వేలకొలది పశువులలో చవుకగా తెలిసికొనగలిగినపుడే, ఆ గుణము తల్లినుండి కూతురునకు ఎంతమాత్రము వచ్చుచున్నదో లెక్కించి, మంచి ఆబోతులను ఎన్నుకొనుటకు వీలగును. పశువుల అభివృద్ధిలో ఈ యంత్రమునకు గల అసలు విలువ ఇదే.

క్రొవ్వామ్లములతో మన రైతునకేమి పని యని అడుగవచ్చును. పని కలదు. ఈనిన మొదటి వారములలో పశువు ఇచ్చు పాలకు తగినంత మేత తినజాలదు. లోటును పూడ్చుటకు తన ఒంటి క్రొవ్వును కరిగించుకొనును. ఆ క్రొవ్వు రక్తము ద్వారా పొదుగునకు చేరి, పాలవెన్నలో పొడవాటి క్రొవ్వామ్లములు ఎక్కువగును. లోటు ముదిరినచో ఎసిటోను మొదలగు పదార్థములు పాలలో కనబడును. పశువు దాణా మానును, చిక్కిపోవును, పాలు జారిపోవును. మరల ఎదకు వచ్చుట ఆలస్యమగును. పశువైద్యులు కీటోసిస్ అను వ్యాధి ఇదే. పశువు పైకి బాగుగానే కనబడు దశయందే ఆ సూచన పాలగీతలో దొరకుననియే పరిశోధకుల ఆశ. ఐరోపా దేశములలో కొన్ని పాల నమోదు సంఘములు ఇట్టి హెచ్చరికలను రైతులకు పంపుచున్నవి. హెచ్చరిక వచ్చినపుడు రైతు చేయవలసినది వెంటనే మందు పోయుట కాదు. పశువైద్యుని పిలిచి రక్తమునో మూత్రమునో పరీక్ష చేయించుట.

మరియొక గుణము మీథేను వాయువు. నెమరువేయు పశువు మొదటి పొట్టలో మేత పులిసినపుడు ఈ వాయువు పుట్టి, త్రేన్పులుగా బయటకు పోవును. తిన్న మేతలోని శక్తిలో నూటికి రెండు మొదలు పన్నెండు పాళ్ళవరకు ఇట్లు గాలిలో కలిసిపోవునని శాస్త్రజ్ఞుల లెక్క. ఇది రైతునకు నష్టము, భూగోళమునకు వేడి. దీనిని కొలుచుటకు పశువును గాలి చొరని గదిలో దినములతరబడి ఉంచవలెను, లేదా మెడకు గొట్టములు కట్టి శ్వాసను పట్టవలెను. పొట్టలో మీథేను పుట్టించు పులియుటయే, పాలవెన్నకు ముడిసరుకైన ఎసిటిక్ ఆమ్లమును కూడ పుట్టించును. కావున పాలగీతలో దాని జాడ ఉండవచ్చునని బెల్జియము వారు 2012లో చూపిరి. అప్పుడు కొలిచినవి కొద్దిపాటి ఆవులు మాత్రమే. తరువాత పలు దేశములవారు తమ కొలతలను కలిపి ఆ సంఖ్యను వందలకు పెంచిరి. 2023 ఏప్రిలులో కెనడా దేశమున లాక్టానెట్ అను సంస్థ హోల్‌స్టీన్ జాతి ఆవులకు మీథేను విషయమున జన్యు విలువలను ప్రకటింప నారంభించెను; అందులకు ఆధారము పాల పరారుణ గీతలు. అయినను వెన్నను చెప్పినంత నిశ్చయముగా ఈ యంత్రము మీథేనును చెప్పజాలదు. వేల ఆవులలో ఏ వంశము మేలో ఎంచుటకు అది పనికివచ్చును. మీ కొట్టములోని ఒక్క ఆవు నిన్న ఎంత వాయువు విడిచినదో దానిని అడుగరాదు.

క్షయవ్యాధి విషయమున స్కాట్లాండు శాస్త్రజ్ఞులు 2020లో ఒక పరిశోధనను ప్రకటించిరి. చర్మపరీక్షలో వ్యాధి తేలిన ఆవుల పాలగీతలను, తేలనివాని గీతలను కంప్యూటరునకు చూపి, రెంటిని వేరుచేయుట నేర్పిరి. ఫలితములు ఆశాజనకముగా నున్నవి. కాని ఇది జల్లెడ వంటిది. అనుమానమున్న పశువును ప్రక్కకు తీయించి పశువైద్యునిచేత పరీక్ష చేయించుటకు సాధనము కావచ్చునుగాని, గీతను చూచి ఒక పేదవాని ఆవును రోగిష్ఠిదని ఊరిలో చాటించుట అన్యాయము. అట్టి మాట పాల అమ్మకమునే ఆపివేయును. మీ పంచాయతిలో ఇట్టి ప్రసంగము వచ్చినపుడు ఈ సంగతి గట్టిగా చెప్పవలసినవారు మీరే.

చూడి విషయమున కలిగిన అనుభవము ఇంకను గమనింపదగినది. పాలగీతను చూచి ఆవు చూడి కట్టినదీ లేనిదీ చెప్పవచ్చునని కొందరు ఉత్సాహపడిరి. ఆస్ట్రేలియా ఆవుల లెక్కలతో చేసి 2020లో ప్రకటించిన పరిశోధనలో తేలినదేమనగా, మొదటి నెలలలో గీత చెప్పునది నమ్మదగినది కాదు. సుమారు ఐదు నెలలు దాటిన పిమ్మటనే కొంత నమ్మకము కుదురును. ఐదు నెలల చూడిని మన ఊరి గోపాలమిత్ర చేతితోనే చెప్పగలడు. అనుభవము గల ఇల్లాలు కంటితోనే చెప్పగలదు. శాస్త్రజ్ఞులు ఈ ఓటమిని దాచక ప్రకటించినందులకు మేము వారిని మెచ్చుకొనుచున్నాము. యంత్రము అమ్మవచ్చువారు ఇట్టివానిని సాధారణముగా చెప్పరు.

పాలు మాత్రమే కాదు. పశువు తిను మేత మొదలు వేయు పేడవరకు ఈ వెలుతురుతో చూచుచున్నారు. దీనికి ఎరుపునకు దగ్గరగా నున్న సమీప పరారుణ కిరణములను వాడుదురు. ఎండబెట్టి పొడిచేసిన మేతపై కిరణములు పడి తిరిగివచ్చుటను కొలుతురు. అమెరికాలో కార్ల్ నోరిస్ మొదలగువారు 1976లో మేత నాణ్యమును ఇట్లు చెప్పవచ్చునని ప్రకటించిరి. 1992లో టెక్సాసు రాష్ట్రపు శాస్త్రజ్ఞులు బీడులో స్వేచ్ఛగా మేయు పశువు ఎట్టి మేత తినినదో దాని పేడను చూచి అంచనా వేసిరి. మనకు మిక్కిలి దగ్గర ఉదాహరణము పటాన్‌చెరువులోనే కలదు. ఇక్రిశాట్ ప్రాంగణమున అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థవారు జొన్నచొప్ప నాణ్యమును ఈ వెలుతురుతో పరీక్షించుచు, గింజతోపాటు మంచి చొప్పనిచ్చు జొన్న రకములను ఎన్నుకొనుటకు తోడ్పడినారు. వారు హైదరాబాదు చొప్ప వర్తకుల వద్ద ధరలను కూడ విచారించి 2006లో ప్రకటించిరి. చొప్పలో పశువు అరిగించుకొనగల భాగము 47 శాతమునుండి 52 శాతమునకు పెరిగినచో ధర నూటికి 25 వంతులకు పైగా పెరుగుచున్నదట. కాండము చూచి, నమిలి, వాసన చూచి కొను మన పాడివారు ఏ యంత్రమును లేకయే ఆ ఐదు శాతము భేదమును గుర్తించి డబ్బు చెల్లించుచున్నారన్నమాట. మన ఒంగోలు జాతి పశువులు సముద్రములు దాటి బ్రెజిలుకు పోయి, నెల్లూరు పేరున నెలోర్ జాతిగా వర్ధిల్లినవి. అచ్చటి శాస్త్రజ్ఞులు ఆ జాతి మాంసము మెత్తదనమును సైతము ఈ కిరణములతో ముందుగా అంచనా వేయ యత్నించుచున్నారు.

ఇక కొలబద్ద ఎక్కడ తప్పునో చూతము. ఒకే పాలను రెండు యంత్రములలో పోసినను గీతలు సరిగా ఒకటి కావు. ఒకే యంత్రము కూడ నెలలు గడచినకొలది కొంత జరుగును. ఐరోపాలో 2011 నుండి 2015 వరకు పలు దేశములవారు కలిసి నడిపిన ఆప్టిమిర్ అను పథకములో దీనిపై చాల శ్రమపడినారు. ఒకే పాలనమూనాలను అన్ని పరిశోధనశాలలకు పంపి, ఒక్కొక్క యంత్రము ఎంత ప్రక్కకు పోవుచున్నదో చూచి, గీతలను సరిదిద్దుకొనిరి. గ్రామములలో తూనికరాళ్ళను తనిఖీ చేయించుకొనుట మనము ఎరుగుదుము. పాలయంత్రమునకును అట్టి తనిఖీ కావలెనని ఎంతమంది అడుగుచున్నారు?

అంతకంటె పెద్ద చిక్కు గేదె. 2019 పశుగణన ప్రకారము మన దేశమున 10 కోట్ల 98 లక్షల గేదెలు కలవు. ప్రపంచమునందలి గేదెలలో సగమునకు పైగా మనవే. కాని మేము పైన చెప్పిన కొలబద్దలలో హెచ్చుభాగము చల్లని దేశములలో, కొట్టమున నిలిపి ధాన్యపు దాణా పెట్టు హోల్‌స్టీన్ ఆవులపై కట్టినవి. ఇటలీలో గేదెపాలతో మొజరెల్లా అను జున్ను చేయుదురు గనుక అచ్చటివారు తమ గేదెలకు కొన్ని కొలబద్దలు కట్టుకొనిరి. మన గేదె వరిగడ్డియు, చొప్పయు, తవుడును తిని, మండుటెండలో చెరువున పడియుండి, ఏడు శాతము వెన్న గల పాలనిచ్చును. ఆమె పాలగీతకు హోల్‌స్టీన్ కొలబద్ద పెట్టినచో, యంత్రము జంకుగొంకు లేకుండ ఏదో ఒక అంకె చెప్పును. "నేను ఇట్టి పశువును ఎన్నడును చూడలేదు" అని చెప్పు తెలివి సామాన్యముగా దానికి పెట్టరు. మేము మొదట చెప్పిన పాలకేంద్రములో జరిగినది ఇదే. అక్కడ పోయినది వెన్న ధర. రేపు ఇట్టి తప్పు అంకెను నమ్మి మంచి గేదెను సంతకు తోలుకొనిపోవుట జరిగినచో, దాని పడ్డలును, ఆ పడ్డల పాడియు గూడ పోవును.

కావున మన గేదెలకు మన కొలబద్దలు కట్టవలెను. దానికి కావలసినది శాస్త్రజ్ఞుల యంత్రమొక్కటే కాదు. ఏ పశువు ఎప్పుడు ఈనినది, ఎన్నవ ఈత, ఏ ఆబోతు వీర్యముతో కట్టినది, ఉదయమెన్ని పాలు, సాయంకాలమెన్ని పాలు, ఎప్పుడు వట్టిపోయినది, ఏ జబ్బు చేసినది అను వివరములు నిజమైనవి కావలెను. ఇవి ఊరిలోనే పుట్టును. పశువులకు వేయుచున్న పండ్రెండంకెల చెవిపోగు ఇందుకొరకే. ఆ సంఖ్య క్రింద వివరములను భారత్ పశుధన్ అను జాతీయ పట్టికలో చేర్చుచున్నారు. చెవిపోగు ఊడిపోయినదని ఊరకున్నచో, అమ్మిన గేదె పోగును కొన్న గేదెకు తగిలించినచో, ఈనిన తేదీని ఉజ్జాయింపుగా చెప్పినచో, ఆ తప్పు ఢిల్లీలోని కంప్యూటరులోనికి పోయి కొలబద్దలో కూర్చుండును. అప్పులకు, బీమాకు మాత్రమే చెవిపోగు అను భావము కొన్ని ఊళ్ళలో కలదు. మీరు ఇంటింటికి తిరుగునపుడు ఈ భావమును పోగొట్టవచ్చును.

పాలనమూనా తీయుటయందు కూడ మన అలవాట్లు కొన్ని అడ్డువచ్చును. పిండుట మొదట వచ్చు ధారలలో వెన్న తక్కువ. చివరి ధారలలో చాల ఎక్కువ. మనవారు చేపుటకు దూడను మొదట విడిచి, చివర మరల విడుతురు. దూడ త్రాగిన ఆ కడపటి పాలు యంత్రమునకు చేరవు. దూడకు అది న్యాయమైన వాటాయే. దానిని మాన్పింపుమని మేము చెప్పము. అయితే రెండు గేదెలను పోల్చునపుడు ఒకదానికి దూడను విడిచి, మరియొకదానికి విడువకున్నచో పోలిక చెడును. నమూనాను పూర్తిగా పిండిన పాలను కలియద్రిప్పిన పిమ్మటనే తీయవలెను. ఉదయపు పాలు, సాయంకాలపు పాలు రెండును ఉండవలెను. పరిశోధనశాల దూరమైనచో చెడకుండ నిలుపు మందు వేసి చల్లగా పంపవలెను. పులిసిన పాలలో పాలచక్కెర మారిపోయియుండును గనుక గీతయు మారిపోవును.

యంత్రమును గూర్చి ఎవరైనను మీ సమావేశమునకు వచ్చినపుడు ఏ పశువులపై, ఎన్నిటిపై, ఏ మేతపై కొలబద్ద కట్టిరో అడుగుడు. ఇదివరకు చూడని ఊరి గేదెలతో దానిని పరీక్షించిరా యని అడుగుడు. గెర్బరు పరీక్షతో ఎన్ని దినములకొకమారు సరిచూతురో, ఆ ఖర్చు ఎవరు భరింతురో కాగితముపై వ్రాయించుకొనుడు. ఈ ప్రశ్నలకు సూటిగా సమాధానము చెప్పువారి యంత్రమును చూడవచ్చును.

మేము చెప్పిన గ్రామములో ఇప్పుడు పాలకేంద్రము గోడకు ఒక పలక తగిలించియున్నది. యంత్రము ఏ అమరికయందున్నదో ప్రతి ఉదయము దానిపై సుద్దతో వ్రాయుదురు. నెలకు రెండు మారులు ఐదుగురి పాలను సీసాలలో పోసి గెర్బరు పరీక్షకు పంపుదురు. రెండంకెలును ప్రక్కప్రక్కన పుస్తకములో ఎక్కింతురు. ఆ నాలుగు దినముల తేడా సొమ్మును సంఘము లెక్కకట్టి తిరిగి చెల్లించినది. మేము రెండవమారు పోయినపుడు ఆ పెద్దామె పాలు పోసి, ముందు పలకను చదివించుకొని, ఆ తరువాతనే అంకెను చదివించుకొనినది.